రెండు వేళ్ళ వదులు

దర్జీ పడవ కొన్నాడని తెలియగానే వీధి వీధంతా ముందు నవ్వింది, తర్వాత చూడ్డానికి వెళ్ళింది, చూసొచ్చి మళ్ళీ నవ్వింది. నిజానికి అందులో అంత నవ్వాల్సిందేమీ లేదు. తెరచాప పడవ, పాతదే గానీ రూపం చెడలేదు. ముందు భాగంలో వంగి దూరితే గూడంత గది, అందులో కూర్చోడానికి ఒక పొట్టి బల్ల. మధ్యలో తెరచాప కొయ్య. వెనకవైపు ఆరుబయట, చుక్కాని పట్టుకునే మనిషికి ఒక పొడుగాటి పలక. అంతే పడవ. అమ్మిన పెద్దమనిషి దాని గుణగణాలన్నీ ఏకరువు పెట్టాడు గానీ, అడుగున నీళ్ళు ఊరతాయన్న సంగతి మాత్రం బేరం కుదిరి, చేతులు కలిపాక గుర్తొచ్చిందాయనకి.

"కారడం కాదండీ, కాస్త చెమట పట్టినట్టు, అంతే" అన్నాడు.

చెమటా కాదు, పాడూ కాదు. పొద్దున పడవ కట్టేసి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి, గదిలో వదిలిన దర్జీ చెప్పులు తేలుకుంటూ గుమ్మం దాకా ఎదురొచ్చాయి. పడవలవాళ్ళు చెక్క నేల కింద ఉండే గుంటని బిల్జి అంటారనీ, ఎక్కడి నీళ్ళయినా అక్కడికే చేరతాయనీ, వాటిని తోడిపోయడానికి బిల్జి పంపు అని ఒకటి పెట్టుకోవాలనీ దర్జీకి అప్పుడు తెలిసింది. అప్పటికే ఆయన కెప్టెన్ టోపీ కుట్టేసుకున్నాడు. తెల్లగుడ్డ, నల్ల అంచు, ముందు బంగారు దారంతో లంగరు బొమ్మ. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పడవలో నీళ్ళు తోడే దిక్కు లేదు గానీ టోపీ మాత్రం సిద్ధం.

ఇంత ఆర్భాటమూ ఎందుకో భార్యకి తెలుసు. వాళ్ళ దుకాణం కిటికీలోంచి, ఎదుటి రెండు మేడల సందులో, చీలికంత సముద్రం కనిపిస్తుంది. ఆ చీలికలో ఒక ఇసుక దిబ్బ, దాని మీద తెల్లటి దీపస్తంభం. పెళ్ళయిన కొత్తలో దర్జీ దాన్ని చూపించి, "పనులు తగ్గాక తీసుకెళ్తాను" అన్నాడు. పనులు తగ్గలేదు. ఆయన కత్తిరిస్తూనే ఉన్నాడు, ఆవిడ కుడుతూనే ఉంది. ఊళ్ళో సగం చొక్కాలకి కాజాలు ఆవిడ చేతివే. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి గానీ దీపస్తంభం మాత్రం అంగుళం కూడా దగ్గరికి రాలేదు. అందుకని పడవ. ఆవిడని ఒక్కసారి ఆ దిబ్బ మీద దింపి, "ఇదిగో, తీసుకొచ్చాను" అనాలి. ఆవిడ రాకపోతే ఆ పడవ ఆయనకి దండగ.

"వస్తాను" అందావిడ, బాబిన్‌కి దారం చుడుతూ. "కాకపోతే రెండు మాటలు. ఒకటి, నా కాళ్ళు తడవకూడదు. రెండు, నా కాళ్ళు చాపుకోవాలి. ఇన్నేళ్ళూ ఈ మిషను కింద మడుచుకుని కూర్చున్నది చాలు. అక్కడ కూడా మడుచుకునే కూర్చోవాలంటే ఇక్కడే ఉంటాను. ఇక్కడైతే ఫ్యానైనా ఉంది."

ఆ కోరిక అన్యాయమైనదేమీ కాదు. ఆ దుకాణం ఎంత ఇరుకంటే, మిషను దగ్గర కూర్చున్నావిడ కాళ్ళు చాపితే పాదాలు వీధిలో ఉంటాయి. ఒకసారి ఎవరో సైకిలాయన వాటిని తప్పించబోయి గోడకి గుద్దుకున్నాడు. దర్జీ దీని గురించి "ఇల్లు ఇరకటం" అని సామెత మొదలుపెట్టి, రెండో సగంలో ఆలి గురించి ఏముందో గుర్తొచ్చి, దగ్గు వచ్చినట్టు నటించి ఊరుకున్నాడు.

మర్నాడు కొలతల కార్యక్రమం. దర్జీ మెడలో టేపు, చెవి మీద సుద్దముక్కతో పడవ గుంటలోకి తల దూర్చాడు. ఆవిడ పైన కాగితం పట్టుకుని కూర్చుంది.

"రాసుకో. పొడవు పదకొండు. ఛాతీ... అదే, వెడల్పు... తొమ్మిది. లోతు ఎనిమిది" అని గుంటలోంచి కేక వినిపించింది.

ఇక్కడే మొదటి తప్పు జరిగింది, కానీ ఎవరికీ తెలియలేదు. దర్జీ పనిలో చేరిన మొదటిరోజు నుంచీ ఆయనకి ఒక అలవాటు. ఏ కొలత తీసినా రెండు వేళ్ళు కలిపి చెబుతాడు. మనిషన్నవాడు ఊపిరి పీల్చుకోవాలి, భోంచెయ్యాలి, వంగి బూట్ల తాళ్ళు కట్టుకోవాలి, వదులు లేకపోతే ఎలా అని ఆయన వాదన. ఆ చెయ్యి ఆ పని తనంతట తానే చేసుకుపోతుంది. పడవ ఊపిరి పీల్చదన్న సంగతి చేతికి ఎవరు చెబుతారు?

పంపు కొనడానికి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ బావమరిది అగ్నిమాపక బండి డ్రైవరు. నీళ్ళంటే అతనికి ఒకటే లెక్క, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోస్తే కుండీలు కొట్టుకుపోతాయని అతని భార్య అతన్ని వాటి దగ్గరికి రానివ్వదు.

పడవ సామాన్ల దుకాణదారుణ్ణి అందరూ గొట్టాలాయన అంటారు. మెడ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రబ్బరు గొట్టం చుట్టుకుని ఉంటాడు, తియ్యడం మర్చిపోయి అలాగే భోజనానికి కూడా వెళ్ళిపోతాడు. ఆయన బల్ల మీద పంపులన్నీ వరసగా పెట్టాడు. కొన్ని గుంటలో మునిగి ఉండి తోడేవి, కొన్ని పైన ఉండి గొట్టంతో పీల్చేవి.

"మీ పడవకి ఈ చిన్నది చాలు మాస్టారూ" అన్నాడు గొట్టాలాయన. "ఊరే నీళ్ళే కదా."

"ఇదా?" అన్నాడు బావమరిది దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి. "బావా, దీంతో నువ్వు పళ్ళు తోముకుని పుక్కిలించొచ్చు. పడవ మునిగేటప్పుడు ఇది ఏం చేస్తుంది?"

"పడవ ఎందుకు మునుగుతుందిరా?"

"మునగదనుకునే కదా అందరూ ఎక్కేది."

ఆ మాట దర్జీ మనసులో ముల్లులా దిగింది. ఆవిడ కాళ్ళు తడవకూడదు మరి. కాగితం మీది కొలతలకి సరిగ్గా పట్టే పంపు తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళారు. గుంటలో పెడితే మూతి దిగింది గానీ భుజాలు దిగలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. బావమరిది దానికి నచ్చజెప్పే ధోరణిలో మాట్లాడాడు కూడా. ఆవిడ వచ్చి వంగి చూసింది. పంపు గుంట అంచు మీద ఎంత మేర మిగిలిపోయిందో అక్కడ తన రెండు వేళ్ళు ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. ఆ రెండు వేళ్ళూ అలాగే పైకెత్తి మొగుడి మొహం ముందు పెట్టింది.  ముప్పై ఏళ్ళ కాపురంలో మాటలు అంతగా అక్కర్లేదు.

"ఒక్కసారికి మారుస్తాను మాస్టారూ" అన్నాడు గొట్టాలాయన. "ఈసారి కాస్త చూసుకుని తీసుకెళ్ళండి."

చూసుకోవడమంటే దర్జీకి తెలిసింది ఒకటే దారి. ట్రయల్ వెయ్యడం. ఎంత పెద్ద కోటైనా ముందు పచ్చికుట్టు వేసి, తొడిగి చూసి, అప్పుడు కదా అసలు కుట్టు. మరి పంపుకి ట్రయల్ ఎలా? ఆయన గొట్టాలాయన దుకాణానికెళ్ళి, పంపులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి నిలబెట్టి ఒళ్ళంతా కొలతలు తీసుకున్నాడు. ఈసారి వేళ్ళు కలపకుండా ఉండడానికి ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడిచేత్తోనే కొలిచాడు. ఇంటికొచ్చి మిగులు గుడ్డలతో పంపులు కుట్టాడు. చారల చొక్కా గుడ్డతో ఒకటి, గళ్ళ గుడ్డతో ఒకటి, ఎవరో తీసుకెళ్ళకుండా వదిలేసిన పెళ్ళికోటు గుడ్డతో అన్నిటికన్నా పెద్దది. లోపల నిండా దూది కూరాడు. మూతి, గొట్టం తగిలించే చోటు, అన్నీ అచ్చు దింపేశాడు. పెళ్ళికోటు పంపుకి గుండీలు కూడా పెట్టాడు. ఎందుకని అడిగితే, అందం అన్నాడు.

వరసగా గుంటలో పెట్టి చూశారు. గళ్ళది దిగింది. చారలది దిగింది. పెళ్ళికోటుది మొదట మొరాయించింది గానీ, దర్జీ మోకాలు ఆనించి ఒక్క తోపు తోస్తే అది కూడా బుద్ధిగా దిగి కూర్చుంది.

"చూశావా బావా? అన్నిటికన్నా పెద్దదే పట్టింది. నేను ముందే చెప్పాను" అన్నాడు బావమరిది.

దూది నలుగుతుందనీ ఇనుము నలగదనీ పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు. కానీ అక్కడ ఉన్నవాళ్ళలో ఒకడు గుడ్డ తప్ప ఇంకోటి ఎరగనివాడు, ఇంకొకడు పెద్దది తప్ప ఇంకోటి ఎరగనివాడు. ఆవిడ ఉంటే చెప్పేదే. ఆవిడ దుకాణంలో కాజాలు తీస్తోంది.

అసలు పంపు వచ్చింది. దిగలేదు. దర్జీ మోకాలు ఆనించి తోశాడు. మోకాలే నలిగింది.

అప్పుడు మనిషి చెయ్యకూడని పని ఒకటి చేశాడు దర్జీ. గదిలో బల్ల చివర, కాళ్ళు చాపితే పాదాలు వెళ్ళే చోట, ఒక గూడు ఉంది. పెద్ద పంపు పట్టేంత చోటు ఆ పడవ మొత్తంలో అదొక్కటే. గుంటలోనే కాదు, పైన ఉండి గొట్టంతో కూడా పీల్చే రకం కాబట్టి అక్కడ బిగించినా పనిచేస్తుంది. బిగించాడు. బిగించి, దాని మీద పూలగుడ్డతో ఒక దిండుగలీబు తొడిగి, చుట్టూ కుచ్చులు పెట్టాడు. కుచ్చులు చూస్తే ఆవిడ ముచ్చటపడి ఇంకేమీ అడగదని ఆయన ఆశ.

ఆవిడ వచ్చింది. గదిలోకి వంగి దూరి, బల్ల మీద కూర్చుని, నేల తట్టి చూసి, "పొడిగానే ఉంది" అంది. దర్జీ గుమ్మంలో టోపీ పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి కాళ్ళు చాపింది. సగం చాపేసరికి మడమలు టంగుమని మోగాయి. ఆవిడ కుచ్చుల వంక చూసింది. వంగి గలీబు తీసింది. పంపు వంక చూసింది. మళ్ళీ గలీబు తొడిగి, కుచ్చులు సర్ది, కాళ్ళు మడుచుకుంది.

"కుట్టు బాగుంది" అంది.

తర్వాత లేచి పడవ దిగింది. ఒడ్డున చెప్పులు వేసుకుంటూ, "దీపస్తంభం మన కిటికీలోంచి కూడా కనిపిస్తుంది లెండి" అని దుకాణం వైపు నడిచింది.

తిట్టినా బాగుండేది. తిడితే ఆయన కూడా ఏదో అనేవాడు, ఇద్దరూ కాసేపు అరుచుకుని కాఫీ తాగేవాళ్ళు. ఆ "లెండి" మాత్రం దర్జీని పట్టుకుని వదల్లేదు. వారమంతా ఆవిడ దీపస్తంభం ఊసు ఎత్తలేదు. ట్రయల్ పంపుల్లో చారలదాన్ని తలకిందా, పెళ్ళికోటుదాన్ని మోకాళ్ళ కిందా పెట్టుకుని హాయిగా నిద్రపోయేది. ఆయనకే నిద్ర పట్టేది కాదు.

చివరికి పంపుని చంకలో పెట్టుకుని గొట్టాలాయన దగ్గరికి వెళ్ళాడు. గొట్టాలాయన దాన్ని తిప్పి చూశాడు.

"మాస్టారూ, దీన్ని మోకాలితో తోశారా?"

"తోశాను."

"ఎందుకూ?"

"గుడ్డది దిగింది."

 కొన్ని జవాబుల తర్వాత ప్రశ్నలు పనికిరావు. గొట్టాలాయన ఒక్కసారికే మారుస్తానన్న మాట కూడా మర్చిపోయి లోపలికెళ్ళి, దుమ్ము పట్టిన ఒక వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పళ్ళెంలా పల్చగా ఉంది, పైన ఒక ఇనప రెక్క.

"కాలిపంపు. మోటారు లేదు, బ్యాటరీ లేదు, అందుకే ఇంత చిన్నది. మీ గుంట మూతి మీద దర్జాగా కూర్చుంటుంది. బల్ల మీద కూర్చుని తొక్కడమే. తొక్కినంత సేపూ నీళ్ళు బయటికి పోతాయి. చుక్కాని దగ్గర్నుంచి మాత్రం కాలు అందదు. ఒకళ్ళు తొక్కాలి, ఒకళ్ళు నడపాలి."

"దీనికన్నా పెద్దది..." అని బావమరిది నోరు తెరిచాడు.

"నువ్వు ఊరుకో" అన్నాడు దర్జీ.

ఇద్దరు మనుషులు, రెండు పనులు. గూడు ఖాళీ అవుతుంది, ఆవిడ కాళ్ళు చాపుకోవచ్చు, నీళ్ళు బయటికి పోతాయి. దర్జీ ఈల వేసుకుంటూ దుకాణానికొచ్చి కాలిపంపుని కత్తిరించే బల్ల మీద పెట్టాడు. ఆవిడ మిషను ఆపలేదు. కింద ఆవిడ పాదాలు పెడలు మీద ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. తల మాత్రం తిప్పి చూసింది.

"దీన్నెవరు తొక్కాలి?" అంది.

ఈల ఆగిపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి ఆయన దారిలోనే, తనకి తెలియకుండానే, జవాబు చెప్పేసుకున్నాడు. తను వెనక టోపీ పెట్టుకుని చుక్కాని పట్టుకున్నట్టు, ఆవిడ లోపల బల్ల మీద కూర్చుని టకటకా తొక్కుతున్నట్టు బొమ్మ గీసేసుకున్నాడు. తొక్కుతూ కాళ్ళు ఎలా చాపుకుంటుందని ఆ బొమ్మ ఆయన్ని అడగలేదు. దర్జీకి చాలా సిగ్గేసింది. పంపు తీసుకుని పడవ దగ్గరికి పోయాడు.

కాలిపంపు ఒక్కసారికే అమిరింది. గుంట కూడా ఇదేదో ముందే తేకూడదా అన్నట్టు దాన్ని పట్టుకుంది. దర్జీ బల్ల మీద కూర్చుని తొక్కి చూశాడు. నీళ్ళు బుడుబుడుమని బయటికి పోయాయి. కాసేపటికి పిక్కలు లాగాయి. ఇంకాసేపటికి నడుము. ఆయన పుట్టి బుద్ధెరిగి కత్తెర పట్టాడే గానీ పెడలు తొక్కలేదు. దుకాణం పెట్టినరోజే ఆ పని ఆవిడది అని ఇద్దరూ అనుకున్నారు. అంటే, ఆయన అనుకున్నాడు.

అలసిపోయి గుమ్మంలోంచి వెనక్కి చూశాడు. చుక్కాని దగ్గరి పలక ఎండలో ఖాళీగా ఉంది. దాని మీద ఒక మనిషి కూర్చుని కాళ్ళు పూర్తిగా చాపినా, ఇంకా జానెడు మిగులుతుంది. పడవంతా జల్లెడ పట్టి వెతికిన చోటు అది. రోజూ తనే దాని మీద కూర్చుని వెతికాడు. చుక్కాని పిడికి టోపీ తగిలించి ఉంది, గాలికి ఊగుతోంది.

మర్నాడు పొద్దున్నే దుకాణం తలుపు వేసి, "పద" అన్నాడు.

"దేన్ని తొక్కడానికి?"

"నువ్వు తొక్కక్కర్లేదు. రా."

పడవ దగ్గర ఆవిడని చెయ్యి పట్టుకుని ఎక్కించి, వెనక పలక మీద కూర్చోబెట్టాడు. ఆవిడ అనుమానంగా కాళ్ళు కాస్త చాపింది. ఏమీ మోగలేదు. ఇంకాస్త చాపింది. పూర్తిగా చాపింది. వేళ్ళు విరుచుకుంది.

"మరి మీరు?"

"నేను లోపల. కాలిపంపు నాది."

"చుక్కాని?"

"నీది. కుట్టు వంకర పోకుండా చూసుకో, అంతే. ఆ దీపస్తంభాన్ని సూది కింద పెట్టుకుని నడుపు."

ఆవిడ పిడి వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత, "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనరు కదా?" అంది.

"తిరిగి కూడా రావాలి కదే" అన్నాడు దర్జీ. "అయినా అనను."

ఒడ్డున బావమరిది ఎందుకైనా మంచిదని తన ఆఫీసు నుంచి తెచ్చిన గొట్టం చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు. తెరచాప ఎత్తారు. గాలి పట్టింది. ఆవిడ చుక్కాని పిడి మీద చెయ్యి వేసింది, గుడ్డ మీద వేసినట్టే, నొక్కకుండా, వదలకుండా. రేవు దాటాక దర్జీ తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. నీళ్ళ మీద పడవ గీసిన గీత పొడుగ్గా, తిన్నగా ఉంది. తను నడిపిన రోజున గీత పాము పాకినట్టుందని ఆయన ఎవరికీ చెప్పలేదు.

సగం దూరం వచ్చేసరికి ఆయన కాళ్ళు మొద్దుబారిపోయాయి.

"ఇన్నేళ్ళూ ఎలా తొక్కావే?" అని లోపల్నుంచి అడిగాడు.

"కాళ్ళతో" అందావిడ.

దర్జీ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తొక్కడం ఆపి, బయటికి పాకి వచ్చి, తలమీది టోపీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "నన్ను క్షమించు" అనే మాట నోటిదాకా వచ్చింది గానీ, దాని బదులు, "ఇది కూడా నీదే" అన్నాడు.

"మీ తలకి కుట్టుకున్నది నాకెలా పడుతుంది?" అంటూనే ఆవిడ పెట్టుకుంది. దర్జీ అలవాటుగా ముందుకు వంగి, పట్టీ లోపల వేళ్ళు దూర్చి చూడబోయాడు. దూరలేదు. ఆయన వదిలిన రెండు వేళ్ళ వదుల్లో ఆవిడ కొప్పు సరిగ్గా పట్టేసింది.

"బాగా కుదిరింది" అంది ఆవిడ, కాళ్ళు చాపుకుని, దీపస్తంభం మీంచి చూపు తిప్పకుండా. "ఇక వెళ్ళి తొక్కండి, లేకపోతే నా కాళ్ళు తడుస్తాయి."

ఆయన వెళ్ళి తొక్కాడు.